ఇల్లు కదల్లేదు, జిల్లా మారింది: జాంగోలో మన సొంత వాలిడేషన్

మినీ ప్రాజెక్టు కోసం నేను రాసిన ఫారం మొట్టమొదట తిరస్కరించింది నన్నే.

ప్రాజెక్టు పెద్దదేం కాదు, హాస్టల్ అడ్మిషన్ దరఖాస్తు. పేరు, పుట్టిన తేదీ, మండలం, జిల్లా, పిన్ కోడ్, కుల ధ్రువీకరణ పత్రం తేదీ, ఆ పత్రం మీద ఉన్న జిల్లా. అంతే. తప్పుడు వివరాలు రాకూడదని ఒక రూల్ పెట్టాను: చిరునామాలో ఉన్న జిల్లా, పత్రం మీద ఉన్న జిల్లా ఒకటే అయి ఉండాలి. చూడ్డానికి ఎంత న్యాయంగా ఉంది! టెస్ట్ చేద్దామని నా వివరాలే కొట్టాను. ఎర్ర అక్షరాలతో వచ్చింది: "జిల్లా సరిపోలలేదు."

మాది ఏటూరునాగారం. నేను పుట్టినప్పుడు అది వరంగల్ జిల్లా. ఆరో తరగతిలో ఉండగా, 2016 అక్టోబర్ 11న, తెలంగాణలో 10 జిల్లాలు కాస్తా 31 అయ్యాయి. మా మండలం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వెళ్ళింది. ఎనిమిదిలో ఉండగా, 2019 ఫిబ్రవరి 17న, ములుగు జిల్లా ఏర్పడింది. మేం అందులోకి వచ్చాం. నా పుట్టిన సర్టిఫికెట్ మీద వరంగల్, 2017లో తీసుకున్న కుల ధ్రువీకరణ పత్రం మీద జయశంకర్ భూపాలపల్లి, ఇప్పటి చిరునామాలో ములుగు. మూడూ నిజమే. మా ఇల్లు మాత్రం అంగుళం కూడా కదల్లేదు.

ఇంటర్ అయ్యాక ఒక ఆన్‌లైన్ దరఖాస్తులో కూడా నాకు ఇదే ఎర్రర్ వచ్చింది. మా నాన్న రెండు రోజులు పని మానుకొని నాతో తిరిగాడు, కొత్త పత్రం కోసం. అప్పుడు ఆ ఫారం రాసినవాళ్ళని బాగా తిట్టుకున్నాను. ఇప్పుడు అదే ఫారం రాసింది నేను. ఆ తప్పు ఎక్కడ జరిగింది, ఎలా సరిదిద్దాలి అన్నదే ఈ వ్యాసం. మీలో చాలామంది థర్డ్ ఇయర్‌లో ఏదో ఒక ఫారం రాస్తారు కాబట్టి పనికొస్తుందనుకుంటున్నా.

ముందు రెండు మాటలు

నేను వాడింది జాంగో. పైథాన్‌లో రాసిన వెబ్ ఫ్రేమ్‌వర్క్. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, లారెన్స్ అనే ఊళ్ళో ఒక వార్తాపత్రిక వాళ్ళ వెబ్‌సైట్ పనిలో పుట్టి, 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. పేరు జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్‌ది.

జాంగోలో "మోడల్" అంటే ఒక రకం రికార్డు ఎలా ఉండాలో చెప్పే క్లాస్. "దరఖాస్తు" ఒక మోడల్. పేరు, పిన్, తేదీ దాని ఫీల్డులు. "వాలిడేషన్" అంటే ఆ రికార్డును దాచుకునే ముందు సరిచూడడం. ఖాళీగా వదలకూడదు, ఇన్ని అక్షరాలు దాటకూడదు, ఒకే నంబరు రెండుసార్లు రాకూడదు లాంటివి జాంగో తనే చూస్తుంది. మన జిల్లాల సంగతి దానికేం తెలుసు? అలాంటి రూల్ మనమే రాయాలి. అదే కస్టమ్ వాలిడేషన్.

ఈ రూల్ బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌తో కూడా పెట్టొచ్చు. కానీ బ్రౌజర్‌లో ఉన్నది వాడేవాళ్ళ సౌకర్యం కోసమే. దాన్ని ఎవరైనా దాటేయొచ్చు. ఒక పేజీకి చెందిన ఫారంలో పెడితే ఆ పేజీ వరకే పనిచేస్తుంది. రేపు మొబైల్ యాప్ వస్తే? అందుకే రికార్డు ఎలా ఉండాలన్న రూల్ మోడల్ దగ్గర ఉండడం మంచిది. జాంగోలో ఈ మోడల్ వాలిడేషన్ 2010లో, 1.2 వెర్షన్‌తో వచ్చింది.

మొదటి మెట్టు: ఒక్క ఫీల్డు

అన్నిటికన్నా తేలికైనది ఫీల్డ్ వాలిడేటర్. ఒక మామూలు ఫంక్షన్. దానికి ఒక విలువ ఇస్తారు. బాగుంటే ఊరుకుంటుంది, బాగాలేకపోతే "వాలిడేషన్ ఎర్రర్" అనే ఎక్సెప్షన్ లేవదీస్తుంది. ఆ ఫంక్షన్ పేరు ఫీల్డు పక్కన "వాలిడేటర్స్" జాబితాలో రాస్తే పని అయిపోయినట్టే.

పిన్ కోడ్ తీసుకోండి. ఆరు అంకెలు, మొదటిది సున్నా కాకూడదు. మా ఊరిది 506165. జిల్లా రెండుసార్లు మారినా పిన్ మారలేదు, ఎందుకంటే అది తపాలా శాఖ గీసుకున్న లెక్క, రెవెన్యూ శాఖది కాదు. కాబట్టి "పిన్ 506తో మొదలైతే జిల్లా వరంగలే" అని రూల్ రాస్తే మళ్ళీ బోల్తా పడతాం.

ఇంకో చిన్న తమాషా. "అంకెలు మాత్రమే" అని చెప్పడానికి పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో బ్యాక్‌స్లాష్ డీ వాడతాం కదా, అది తెలుగు అంకెల్ని కూడా ఒప్పుకుంటుంది. ౫౦౬౧౬౫ అని కొట్టినా పాస్. తప్పని కాదు, సంతోషమే. కానీ తర్వాత 506165తో పోల్చి చూస్తే రెండూ వేర్వేరు స్ట్రింగులు. ఫీల్డ్ వాలిడేటర్ విలువను చూడగలదే తప్ప మార్చలేదు. కాబట్టి తెలుగు అంకెల్ని మామూలు అంకెలుగా మార్చే పని వేరే చోట, సరిచూడ్డానికి ముందే జరగాలి. ఏ వాలిడేషన్‌కైనా ఇదే వరస: ముందు ఒక రూపానికి తేవాలి, తర్వాత సరిచూడాలి.

కమల పాస్, విమల ఫెయిల్

పేరు ఫీల్డు దగ్గర మన సాహిత్య క్లబ్‌కి పనికొచ్చే పాఠం ఉంది. "పేరులో అక్షరాలే ఉండాలి" అనుకొని పైథాన్‌లో ఈజ్‌ఆల్ఫా అనే ఫంక్షన్ వాడాను. కమల అని తెలుగులో కొట్టాను, పాస్ అయింది. విమల అని కొట్టాను, ఫెయిల్!

కారణం గుణింతం. యూనికోడ్ లెక్కలో క, మ, ల అక్షరాలు. కానీ "వి"లో ఉన్న గుడి విడిగా ఒక గుర్తు, అక్షరాల వర్గంలోకి రాదు. పైథాన్ దాన్ని అక్షరంగా లెక్కపెట్టదు. అంటే గుణింతం, ఒత్తు, సున్న లేని పేర్లు ఉన్నవాళ్ళకే ప్రవేశం అన్నమాట! జాంగో తన యూజర్‌నేమ్‌కి వాడే వాలిడేటర్‌లో కూడా ఇదే ఇబ్బంది ఉంది. యూనికోడ్ పేర్లు ఒప్పుకుంటుంది గానీ గుణింతపు గుర్తు రాగానే ఆగిపోతుంది.

సరే, యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 128 స్థానాల్లోవి ఏవైనా ఒప్పుకుందాం అనుకున్నా. విమల పాసయింది. ఈసారి మా ఊరి పేరు కొట్టాను. "ఏటూరునాగారం" పాస్. కొంతమంది రాసే "ఏటూర్‌నాగారం" ఫెయిల్. ఎందుకంటే "ర్" పక్కన "నా" కలిసిపోయి వత్తుగా మారకుండా మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు ఉంటుంది, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది ఆ 128లో లేదు. దాన్ని కూడా జాబితాలో చేర్చాల్సి వచ్చింది.

పొడవు సంగతి కూడా చెప్పేస్తా. "ఏటూరునాగారం"లో ఎన్ని అక్షరాలు? మనకైతే ఆరు: ఏ, టూ, రు, నా, గా, రం. పైథాన్‌కి 11, ఎందుకంటే గుణింతపు గుర్తుల్నీ సున్ననీ విడిగా లెక్కపెడుతుంది. యూటీఎఫ్-8లో దాచితే 33 బైట్లు. "ఊరి పేరు పదక్షరాలు దాటకూడదు" అని జాంగోలో గరిష్ఠ పొడవు పెడితే ఆరక్షరాల ఊరు పట్టదు. ఇంగ్లీషు పేర్లు చూసి పెట్టిన పరిమితులు తెలుగు పేర్లకు చాలవు.

రెండో మెట్టు: రెండు ఫీల్డుల మధ్య

ఇప్పుడు అసలు సమస్య దగ్గరికి వద్దాం. జిల్లా ఒక్కదాన్నే చూస్తే తప్పో ఒప్పో చెప్పలేం. "వరంగల్" తప్పా? ఏ తేదీకి? ఇలా రెండు మూడు ఫీల్డులు కలిపి చూడాల్సిన రూల్ ఫీల్డ్ వాలిడేటర్‌లో కుదరదు, ఎందుకంటే దానికి తన విలువ తప్ప పక్క ఫీల్డు కనబడదు. దానికోసం మోడల్‌లో "క్లీన్" అనే మెథడ్ రాసుకోవాలి. అక్కడ రికార్డు మొత్తం మన చేతిలో ఉంటుంది. ఇందాక చెప్పిన తెలుగు అంకెల మార్పిడిలాంటివి కూడా అక్కడ చేయొచ్చు. కాకపోతే ఫీల్డ్ వాలిడేటర్లు క్లీన్ కంటే ముందే నడుస్తాయి. పిన్ వాలిడేటర్ తెలుగు అంకెల్ని ఒప్పుకునేలా ఉంటేనే ఈ పద్ధతి సాగుతుంది.

నా మొదటి రూల్‌లో లోపం ఏమిటంటే, రెండు వేర్వేరు కాలాల వాస్తవాల్ని పక్కపక్కన పెట్టి "ఒకటిగా ఉండండి" అనడం. చిరునామా ఈరోజుది. పత్రం 2017ది. పోల్చాల్సింది పత్రం మీది జిల్లాను, పత్రం తేదీ నాటి జిల్లాతో.

అందుకని ఇంకో చిన్న టేబుల్ చేశాను. మండలం, జిల్లా, ఎప్పటినుంచి, ఎప్పటిదాకా. మా మండలానికి అందులో మూడు వరసలు:

ఏటూరునాగారం, వరంగల్, 2016 అక్టోబర్ 10 దాకా.
ఏటూరునాగారం, జయశంకర్ భూపాలపల్లి, 2016 అక్టోబర్ 11 నుంచి 2019 ఫిబ్రవరి 16 దాకా.
ఏటూరునాగారం, ములుగు, 2019 ఫిబ్రవరి 17 నుంచి.

క్లీన్ మెథడ్ ఇప్పుడు చేసే పని ఇది. పత్రం తేదీ, మండలం తీసుకుంటుంది. ఆ తేదీ ఏ వరసలో పడుతుందో వెతుకుతుంది. ఆ వరసలోని జిల్లా, పత్రం మీది జిల్లా ఒకటేనా అని చూస్తుంది. కాకపోతే చెబుతుంది.

జిల్లా పేరును నేరుగా స్ట్రింగ్‌గా పోల్చకుండా ఒక్కో జిల్లాకు ఒక్కో ఐడీ ఇవ్వండి. ఎందుకో వరంగలే చెబుతుంది. 2016 వరకు వరంగల్ అంటే ఉమ్మడి జిల్లా. 2016లో అది విడిపోయాక వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అయ్యాయి. 2021 ఆగస్టులో అర్బన్ పేరు హనుమకొండ అయింది, రూరల్ పేరు వరంగల్ అయింది. అంటే 2010 నాటి "వరంగల్", ఇప్పటి "వరంగల్" పేరుకే ఒకటి, మ్యాపులో కాదు.

క్లీన్ రాసేటప్పుడు ఒక జాగ్రత్త. ముందు దశలో ఏదో ఫీల్డులో తప్పు దొరికినా జాంగో అక్కడితో ఆగదు, క్లీన్‌ను కూడా నడిపి అన్ని తప్పులూ కలిపి ఒకేసారి చూపిస్తుంది. వాడేవాళ్ళకు అది మంచిదే. కానీ పత్రం తేదీ ఖాళీగా ఉన్నా క్లీన్ నడుస్తుంది కాబట్టి, "తేదీ ఉందా?" అని ముందు చూసుకోకపోతే మన రూలే కుప్పకూలుతుంది.

పాత రికార్డు తెరిస్తే

వాలిడేషన్ గురించి నేను ఆలస్యంగా తెలుసుకున్నది: అది రికార్డు పుట్టినప్పుడే కాదు, దిద్దిన ప్రతిసారీ మొత్తం మీద నడుస్తుంది. "జిల్లా, ఇప్పుడున్న 33 జిల్లాల్లో ఒకటి అయి ఉండాలి" అని రూల్ పెట్టామనుకోండి. 2018లో వరంగల్ రూరల్ అని సరిగ్గానే నమోదైన రికార్డు ఒకటుంది. ఈరోజు ఆ అమ్మాయి ఫోన్ నంబరు ఒక్కటి మార్చుకోవాలని వస్తుంది. సేవ్ నొక్కితే జిల్లా తప్పంటుంది. తను జిల్లాను ముట్టుకోనే లేదు!

మారింది లోకం, రూల్. ఇరుక్కుంది పాత రికార్డు. అందుకే రూల్‌లో "ఈరోజు" అన్న మాట ఎక్కడ వచ్చినా అనుమానించాలి. బండి నంబర్లలోనూ ఇదే కథ. మన దగ్గర ఏపీ 36 నంబరు బండ్లు ఇంకా తిరుగుతున్నాయి. 2014 తర్వాతవి టీఎస్. 2024 మార్చి నుంచి కొత్తవి టీజీ. పార్కింగ్ పాస్ ఫారంలో "టీజీతో మొదలవ్వాలి" అని రాస్తే సగం కాలేజీ బయటే నిలబడుతుంది.

అన్ని తలుపులకూ కాపలా లేదు

రూల్ సరిదిద్దాక సీనియర్ ఒకరు పాత జాబితా ఎక్సెల్‌లో ఇచ్చి, ఎక్కించమన్నారు. ఎక్కించాను, ఒక్క ఎర్రర్ రాలేదు. ఎంత శుభ్రమైన డేటానో అనుకున్నా. తీరా చూస్తే పుట్టిన తేదీ కంటే ముందే పత్రం తీసుకున్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు.

జరిగింది ఇది. జాంగోలో సేవ్ అనే మెథడ్ వాలిడేషన్‌ను తనంతట తాను పిలవదు. పిలిచేది "ఫుల్ క్లీన్". అది వరసగా ఫీల్డుల్ని, తర్వాత మన క్లీన్‌ను, తర్వాత ఒకే విలువ రెండుసార్లు రాకూడదన్న నియమాల్ని, చివర డేటాబేస్ షరతుల్ని చూస్తుంది. మోడల్ ఫారం వాడితే ఈ తనిఖీలన్నీ దానంతటవే జరుగుతాయి. అందుకే వెబ్ పేజీలో అంతా బాగా నడిచింది. నా ఎక్సెల్ కోడ్ మాత్రం రికార్డులన్నిటినీ "బల్క్ క్రియేట్"తో ఒకేసారి నెట్టేసింది. ఆ దారిలో కాపలా లేదు. చాలా రికార్డుల్ని ఒకే దెబ్బకు మార్చే "అప్‌డేట్" దారిలోనూ లేదు. అన్ని ఫ్రేమ్‌వర్క్‌లూ ఇంతే అనుకోకండి. రూబీ ఆన్ రైల్స్‌లో సేవ్ చేస్తే వాలిడేషన్ నడుస్తుంది. కానీ అక్కడా గుంపుగా ఎక్కించే, మార్చే దారులు వేరే ఉన్నాయి, వాటికి కాపలా లేదు.

దీనికి రెండు మందులు. ఒకటి, ఎక్కించే ముందు ప్రతి వరస మీద మనమే ఫుల్ క్లీన్ పిలిచి, తప్పులొచ్చిన వరస నంబర్లు రాసి పెట్టుకోవడం. రెండు, ఎప్పటికీ మారని రూల్స్‌ని డేటాబేస్‌లోనే షరతుగా పెట్టడం. "పత్రం తేదీ, పుట్టిన తేదీ కంటే ముందు ఉండకూడదు" అలాంటిది. జాంగో 2.2 నుంచి దీనికి చెక్ కన్‌స్ట్రెయింట్ ఉంది, 4.1 నుంచి ఫుల్ క్లీన్ కూడా దాన్ని చూసి మంచి మెసేజ్ ఇవ్వగలుగుతోంది. ఏ దారిలో వచ్చినా డేటాబేస్ ఒప్పుకోదు. అయితే ఈ షరతు ఒక వరసలోని ఫీల్డుల్నే చూడగలదు, వేరే టేబుల్‌ను కాదు. కాబట్టి జిల్లా రూల్ క్లీన్‌లోనే ఉండాలి, తేదీల రూల్ డేటాబేస్‌లో ఉండాలి. ఇంకోటి, టేబుల్‌లో అప్పటికే తప్పు వరసలుంటే ఈ షరతు పెట్టే మైగ్రేషన్ ఆగిపోతుంది. ముందు అవి సరిచేసుకోవాలి.

ఎర్రర్ మెసేజ్ ఎవరు చదువుతారు?

"జిల్లా సరిపోలలేదు." ఇది చదివినవాళ్ళు ఏం చేయాలి? నాకే తెలియలేదు అప్పుడు. ఇప్పుడు నా ఫారం ఇలా అంటుంది: "2017 జూన్ నాటికి ఏటూరునాగారం మండలం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంది. పత్రం మీద ఏ జిల్లా ఉందో ఒకసారి చూసి అదే ఎంచుకోండి." ఏది తప్పనిపించింది, ఎందుకు, ఇప్పుడేం చేయాలి అనే మూడూ అందులో ఉన్నాయి. వాలిడేషన్ ఎర్రర్ లేవదీసేటప్పుడు ఫీల్డు పేరు కూడా జతచేస్తే ఆ మెసేజ్ సరిగ్గా ఆ గడి కిందే కనబడుతుంది. లేకపోతే ఫారం పైన ఎక్కడో తేలుతుంది. ఫోన్‌లో నింపేవాళ్ళకు పైకి స్క్రోల్ చేసేదాకా అది కనబడదు.

కాదనాలా, అడగాలా?

ఇంతా చేశాక మా నాన్నకు చూపించాను. ఆయన ఒక్క మాట అడిగాడు: "జిల్లా మారిన కొత్తల్లో పాత పేరుతోనే పత్రం ఇచ్చి ఉంటే?"

నిజమే. 2016 నవంబర్ పత్రం మీద వరంగల్ అని ఉండొచ్చు. నా టేబుల్ ప్రకారం అది తప్పు. కానీ ఆ కాగితం మీద ఉన్నది అదే, దాన్ని ఉన్నదున్నట్టు రాసినవాళ్ళది తప్పెలా అవుతుంది?

అప్పుడు రూల్స్‌ని రెండు కుప్పలుగా విడదీశాను. ఎప్పటికీ జరగలేనివి: పుట్టకముందే పత్రం, రేపటి తేదీతో పత్రం, ఐదంకెల పిన్. వీటిని కాదనాలి. మామూలుగా జరగనివి, కానీ జరగొచ్చు: తేదీకి సరిపోని జిల్లా. వీటిని కాదనకూడదు, ఒకసారి అడగాలి, "అవును, పత్రం మీద ఇలాగే ఉంది" అంటే తీసుకొని పక్కన గుర్తు పెట్టాలి. వాలిడేషన్ ఎర్రర్‌కు ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం తప్ప మధ్యలో ఇంకోటి తెలియదు. అందుకని మోడల్‌లో "పరిశీలించాలి" అని ఒక అవును-కాదు ఫీల్డు పెట్టాను. ఆ గుర్తున్న దరఖాస్తుల్ని ఆఫీసులో మనిషి చూస్తారు. కాగితం చూసి ఒక నిమిషంలో తేల్చగలిగే విషయానికి ఒక ఇంటివాళ్ళను రెండు రోజులు తిప్పడం ఎందుకు?

చివరగా టెస్టులు. మామూలు తేదీలతో ఏ రూలైనా పాసవుతుంది. తప్పు అంచుల దగ్గర దొరుకుతుంది. నా టెస్టుల్లో నాలుగు తేదీలు తప్పనిసరి: 2016 అక్టోబర్ 10, 11, 2019 ఫిబ్రవరి 16, 17. నాలుగు పేర్లు తప్పనిసరి: కమల, విమల, ఏటూరునాగారం, ఏటూర్‌నాగారం. మీరు వేరే ఊరివాళ్ళయితే మీ తేదీలు, మీ పేర్లు పెట్టుకోండి. మీ ఫారం రాయడం అయిపోగానే ముందు మీ అమ్మ, నాన్న, అమ్మమ్మ వివరాలతో నింపి చూడండి. వాళ్ళలో ఎవరినైనా అది కాదంటే, తప్పు వాళ్ళ కాగితాల్లో ఉందో మన రూల్‌లో ఉందో ఒకసారి ఆగి చూసుకోవాలి.

నా ఫారం ఇప్పుడు నన్ను ఒప్పుకుంటోంది.